పాలకంటే తెల్లని తెర

గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాట పట్టుకున్నవాళ్ళదే. ఆ అరుగు మీద చట్టమంటూ ఉన్నది అదొక్కటే. టీ చేత్తో పట్టుకుని ఎవరు కథ మొదలెడితే, వాళ్ళు చివరి గుక్క తాగి గ్లాసు బోర్లించేదాకా మిగతావాళ్ళు ఊకొట్టాలి. కావాలంటే ప్రశ్న వెయ్యొచ్చు. అంతేగాని అడ్డుపడి "అబద్ధం" అనకూడదు.

ఈ చట్టం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గాని, దాన్ని పూర్తిగా వాడుకున్నవాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. బోర్డుల పెయింటరు. ఆయన టీ తాగడు, పెదవి తడుపుకుంటాడు. మూడింటికి అందుకున్న గ్లాసులో నాలుగున్నరకి కూడా సగం ఉంటుంది. దాని మీద మూడుసార్లు తొరక కట్టి మూడుసార్లు చిరిగిపోయి ఉంటుంది. ఈలోపల ఆయన రెండు వరదలు దాటి, ఒక సర్కస్ పులికి చారలు తిరిగి దిద్ది, నాలుగంతస్తుల మేడ మీంచి జారి గాల్లోనే బోర్డు చివరి అక్షరం పూర్తిచేసి, సైకిల్ సీటు మీదికి దిగి ఉంటాడు.

ఆ రోజు మాత్రం ఆయన సాగదీతకి ఒక గడువుంది. నాలుగయ్యేలోపు ప్రెస్సాయన లేచి వెళ్ళిపోతాడు.

ప్రెస్సాయన అంటే లేబుళ్ళు అచ్చువేసే మిషన్ నడిపేవాడు. అరుగుకి ఒక కొసన టీకొట్టు, ఇంకో కొసన ఒక గది. ఆ గదిలో పెయింటరుగారి తమ్ముడి కూతురు కంప్యూటర్ మీద లేబుళ్ళకి రంగులు సరిచేస్తుంది. మందుసీసాల లేబుళ్ళు. ఒకే మందు, రెండు మోతాదులు. పెద్దవాళ్ళ సీసాకి నీలం పట్టీ, పిల్లల సీసాకి ఆకుపచ్చ పట్టీ. జ్వరంతో బిడ్డ ఏడుస్తుంటే లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాలు ఎవరు చదువుతారు? పట్టీ చూసి సీసా అందుకుంటారు. అందుకే ఆ రెండు రంగులూ ఒకదాన్నొకటి పోలకూడదు. ఆమె తెర మీద చూసి, సరేనని కాగితం మీద సంతకం పెడితేనే అక్కడ మిషన్ తిరుగుతుంది.

పోయిన నెల ఆ రెండూ పోలాయి. ఆమె పాత మానిటర్ లోలోపల ముసలిదై రోజుకింత ఎర్రబారుతూ వచ్చింది. రోజూ చూసే కంటికి ఆ మార్పు అందలేదు. తెర ఎర్రగా చూపిస్తోంది కదా అని ఆమె పిల్లల పట్టీలో నీలం కలుపుతూ పోయింది. అచ్చయి వచ్చాక చూస్తే పిల్లల లేబుల్ పెద్దవాళ్ళ లేబుల్‌కి తోబుట్టువులా ఉంది. సీసాలకి అంటించకముందే పట్టుకున్నారు, అదే నయం. నాలుగు వేల లేబుళ్ళని ప్రెస్సు వెనక కుప్పపోసి కాల్చారు. ఆమె అక్కడే నిలబడి చివరిదాకా చూసింది. ప్రెస్సు యజమాని పెద్దగా ఏమీ అనలేదు. "ఇంకొక్కసారి చూద్దాం" అన్నాడు. ఆ 'ఒక్క' దగ్గర గొంతు కొంచెం నొక్కాడు, అంతే.

ఆనాటి నుంచి ఆమె తన కన్నుని నమ్మడం మానేసింది. జాకెట్టుకి దారం కొనేటప్పుడు కూడా, "ఇది దీనికి సరిపోయిందంటారా?" అని పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషిని అడిగేది.

మంచి మానిటర్ కావాలి. చుక్క చుక్కా తేలి కనబడే సన్నటి తెర కావాలి, నీలాన్ని నీలంగా, ఆకుపచ్చని ఆకుపచ్చగా చూపించే తెర కావాలి. అలాంటివి బోలెడున్నాయి, కొట్లలో అద్దాల వెనక. ఆమె దగ్గరున్న డబ్బుకి వాటిలో పావు తెర వస్తుంది. అప్పుడు పెదనాన్న అరచేత్తో గుండె మీద చరుచుకుని, "నాకొదిలెయ్ తల్లీ" అన్నాడు. మూడు రోజులు మనిషి కనబడలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం సైకిల్ వెనక దుప్పట్లో చుట్టి కట్టిన మానిటర్‌తో దిగాడు. ఆయన ఎడమకాలి చెప్పు తెగి ఉంది. దాన్ని బోర్డులు వేలాడదీసే తాడుతో పాదానికి కట్టుకున్నాడు.

ఆమె తీగలు తగిలించింది. తెర వెలిగింది. సన్నదే, అందులో సందేహం లేదు. చీమ తలకాయంత అక్షరం కూడా అంచులు తేలి కనబడింది. కానీ ఖాళీ పేజీ తెరిస్తే అది తెల్లగా లేదు. ఇంకా తెల్లవారని ఆకాశంలా నీలంగా ఉంది. పిల్లల ఆకుపచ్చ పట్టీ పక్కకి జరిగి జరిగి పెద్దవాళ్ళ నీలం ఒళ్ళో కూచుంది.

"పెదనాన్నా, తెర నీలంగా లేదూ?"

"అదే తెలుపు," అన్నాడాయన, దుప్పటి మడతపెడుతూ. "ఇన్నాళ్ళూ ఆ ఎర్రతెర చూసి చూసి నీ కన్ను చెడింది. కుదురుకోడానికి నాలుగు రోజులు పడుతుంది. బటన్లు మాత్రం ముట్టుకోకు. మూడు గంటలు కూచుని నా చేత్తో పెట్టిన రంగులవి."

బటన్ దాకా వెళ్ళిన ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. ఆమె చేతికి మొదటి కుంచె ఇచ్చింది ఈయనే. నాలుగేళ్ళ పిల్లని రంగుడబ్బాల మధ్య కూచోబెట్టి, ఇది ఎరుపు, ఇది ఎరుపు కాదు కాషాయం, ఇది కాషాయం కాదు ఇటుకరంగు, అని వేలుపట్టి చూపించింది ఈయనే. ఈయన ఏ పేరు పెడితే ఆ రంగుకి అదే పేరు, ఇరవై ఏళ్ళుగా. మొన్న తప్పు చూసిన కన్నో? అది ఎవరిది?

ఆమె తెరని అరుగు వైపు తిప్పి, తలుపు బార్లా తెరిచి, సంతకం పెట్టాల్సిన కాగితం ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూచుంది. మూడు దాటింది. ప్రెస్సాయన బల్ల మీద సర్దుకున్నాడు. పెదనాన్న టీ అందుకున్నాడు.

"పెయింటరు గారూ, కాస్త క్లుప్తంగా," అన్నాడు ప్రెస్సాయన. "నాలుగింటికి నేను మిషన్ దగ్గరుండాలి."

"క్లుప్తంగానే," అన్నాడు పెయింటరు గంభీరంగా. ఆయన కోతలు కోసేటప్పుడు నవ్వడు. సంతాపసభలో మాట్లాడుతున్నంత నెమ్మదిగా, బరువుగా మాట్లాడతాడు. "అసలు నేను చేసిందేమీ లేదు. పాత సామాన్ల బజారుకి వెళ్ళా, నాలుగు కొట్లు చూశా, అయిదో కొట్లో ఇది దొరికింది. తెచ్చా. అంతే."

ప్రెస్సాయన మొహంలో ఆశ మెరిసింది.

"నాలుగు కొట్లేనా అన్నా?" టీకొట్టావిడ అడిగింది, గ్లాసులు కడుగుతూ.

అడక్కుండా ఉండాల్సింది.

"కొట్లంటే కొట్లు కాదులే చెల్లెమ్మా, నాలుగు వీధులు. వీధికి నలభై కొట్లు. ఏ కొట్లో చూసినా మానిటర్లు గుట్టలుగా పోసి ఉన్నాయి, ఒకదాంట్లో చూస్తే మనిషి మొహం గుమ్మడిపండు, ఇంకోదాంట్లో చూస్తే పీనుగ, ఒకాయన నాకు నా ఫోటోనే పెట్టి చూపించాడు, ఎవడ్రా ఈ పచ్చకామెర్లవాడు అని నేనే జాలిపడ్డా. ఇట్లా కాదని బజారు చివరికి నడుచుకుంటూ పోయా. అక్కడొక గోడౌను. ఎంత గోడౌనంటే... ఏం చెప్పమంటావు? ఆ చివర బల్బు వేస్తే ఈ చివరికి వెలుతురు రావడానికి టీ తాగేంత సేపు పడుతుంది."

"మేం తాగేంత సేపా, మీరు తాగేంత సేపా?" అంది టీకొట్టావిడ.

పెయింటరు ఆ ప్రశ్నని వినలేదు. గ్లాసు పెదవికి ఆనించి దించాడు.

"గోడౌను యజమాని గుమ్మంలోనే కూచున్నాడు. పెద్దమనిషి. తల నెరిసింది. లోపల వెయ్యి తెరలు, వెయ్యిట్లోనూ ఒకే బొమ్మ, పూలతోట. ఆయన నా వైపు చూసి ఏమన్నాడో తెలుసా? 'అయ్యా, ఈ వెయ్యిట్లో తొమ్మిది వందల తొంభై తొమ్మిది అబద్ధాలు చెబుతాయి. ఒక్కటే నిజం చెబుతుంది. అది ఏదో పాతికేళ్ళుగా నాక్కూడా తెలియదు. వచ్చినవాళ్ళంతా తప్పు దాన్నే ఎత్తుకుపోతున్నారు. మీరు దాన్ని పట్టుకుంటే, మీరన్న ధరకే మీది.' అన్నాడు. నేను ఒక్కటే అడిగా. 'ఎంత టైమిస్తారు?' అని. 'వారం' అన్నాడు. 'వద్దు, ఒక్క చూపు చాలు' అన్నా."

ఆమె తెర వైపు చూసింది. పిల్లల పట్టీ నీలంగానే ఉంది. నాలుగు రోజుల్లో కన్ను కుదురుకుంటుందన్నాడు. ప్రెస్సాయన దగ్గర నాలుగు రోజులు లేవు.

"ఒక్క చూపులో కనిపెట్టేశారా?" ప్రెస్సాయన వాచీ చూసుకుంటూ అడిగాడు.

"లేదు. కళ్ళు మూసుకున్నా."

"ఆఁ?"

"కళ్ళు మూసుకుని నడిచా. ముప్పై అయిదేళ్ళు రంగుల్లో బతికినవాడికి కన్నెందుకయ్యా, రెప్ప చాలు. అబద్ధం చెప్పే తెర ముందు నుంచి పోతుంటే రెప్ప మీద గరుకుగా తగులుతుంది, ఉప్పుకాగితంలాగా. గరుకు, గరుకు, గరుకు... ఆరువందల పన్నెండో దాని దగ్గర చల్లగా తగిలింది. ఆగా. కళ్ళు తెరిచా. ఇదుగో, ఇదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర మీద ఒక తేనెటీగ వాలింది. బొమ్మలో తేనెటీగ కాదు, బయటనుంచి వచ్చింది. మిగతా తెరలన్నీ దాటుకుంటూ వచ్చి ఈ తెరలో పువ్వు మీద వాలింది. కాసేపు కూచుంది. లేచేటప్పుడు దాని కాళ్ళకి పుప్పొడి ఉంది."

టీకొట్టావిడ చెంప కింద చెయ్యి పెట్టుకుంది. ఆ ఎత్తుగడ బాగుందని ఆవిడకీ అనిపించింది.

ఆవిడ నెత్తి మీదే, కొట్టు పైన, ఆయనేసిన బోర్డుంది. కూజాలోంచి గ్లాసులోకి పాలు దూకుతున్న బొమ్మ. పోయినేడే దానికి మళ్ళీ రంగులేశాడు. అప్పటినుంచి కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డు చూసి, "మంచినీళ్ళు కూడా అమ్ముతారా?" అని అడుగుతుంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది.

"యజమాని అయినా ఒప్పుకోలేదు. 'ఈగని నమ్మి సరుకివ్వలేను, చుక్కలు లెక్కపెట్టండి' అన్నాడు. తెరంటే చుక్కలే కదా. ఒక్క చుక్క చచ్చి ఉన్నా ఆ తెర పనికిరాదు. కూచున్నా. ఒకటి నుంచి మొదలెట్టా. ముప్పై ఆరు లక్షల ఎనభై ఆరు వేల నాలుగు వందలు."

ఆమె తలెత్తింది. అంకె సరైనదే. ఆ తెర మీద అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల్ని హెచ్చవేస్తే అచ్చంగా అంతే వస్తాయి. వీధులన్నీ తిరుగుతూ, మరిచిపోకుండా, తెగిన చెప్పుతో అడుగుకొక అంకె అనుకుంటూ బట్టీపట్టి ఉంటాడు. ఎందుకు? ఆమె తనకి కావలసింది ఇదని చెప్పిన రోజున ఆ అంకె ఒకసారి అంది. అదే కావాలని, అంతకి ఒక్క చుక్క తక్కువైనా వద్దని, ఆయన మూడు రోజులు తిరిగాడు. ఆయన కథలో అక్షరం నిజమున్నది ఆ ఒక్క అంకెలోనే. ఆమెకి కోపం వచ్చింది. ఇంత నిజం తెచ్చిపెట్టుకుని, దాని మీద ఇంత అబద్ధం ఎందుకు పొయ్యాలి?

"అందులో ఒక్క చుక్క నిద్రపోతోంది. చావలేదు, నిద్రే. కిందనుంచి మూడో వరస. గోటితో మెల్లిగా తట్టి, 'లే నాన్నా' అన్నా. లేచింది. లేవడం లేవడం నారింజరంగులో లేచింది. ఆ తర్వాత బొమ్మని పెద్దది చేసి చూపించమన్నా. ఒక పువ్వు. పువ్వు మీద మంచుబొట్టు. ఇంకా పెద్దది చేస్తే బొట్టులో ఒక కిటికీ. కిటికీ పెద్దది చేస్తే లోపల గోడ మీద క్యాలెండరు, తేదీ కూడా చదివా. ఇంకా పెద్దది చేస్తే ఆ గదిలో ఒకాయన వీపు మనవైపు పెట్టి తెర చూస్తున్నాడు. ఎడమకాలి చెప్పు తెగి ఉంది. నేను వెనక్కి తిరిగి చూసుకున్నా."

ఎవరూ నవ్వలేదు. ఆయన చెప్పిన తీరు అలాంటిది. ప్రెస్సాయన కూడా వాచీ మరిచిపోయి తన వెనక్కి ఒకసారి చూసుకున్నాడు.

"పెదనాన్నా." ఆమె గడప మీంచి పిలిచింది. ప్రశ్న వెయ్యొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. "మూడు గంటలు రంగులు పెట్టానన్నావు. అప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"యజమాని ఉన్నాడు."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? నోరు పడిపోయింది. చూసి తలూపాడు."

తలూపాడు. ఆమెకి ఆ మనిషి కళ్ళకి కట్టాడు. ఎవరో ఒక పాత సామాన్ల కొట్టువాడు. సాయంత్రం కొట్టు కట్టేసే వేళ. ఒక పెద్దాయన బటన్లు నొక్కి నొక్కి తెరని నీలంగా చేసి, 'ఇదీ తెలుపంటే!' అంటాడు. సరుకు అమ్ముడుపోతోంది, తనకెందుకని కొట్టువాడు తలూపాడు. ఊకొట్టడం కూడా ఒక సంతకమే. తన ఒళ్ళో ఉన్న కాగితం కంటే ఏమీ తక్కువది కాదు.

"మూడూ నలభై," అన్నాడు ప్రెస్సాయన. ఆయన గొంతులో దయ ఉంది, గడువూ ఉంది. "అమ్మాయ్, పెడతావా? లేదంటే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని చెప్పమన్నాడు మా ఓనరు. ముందే చెబుతున్నా, నా మీద పెట్టుకోకు."

"పెడుతుంది," అన్నాడు పెయింటరు. "ఎందుకు పెట్టదు? ఆ తెర నేను చూసిన తెర. తెలుపు మాట చెప్పలేదు కదూ మీకు! అసలు కథ అదే. రంగులన్నీ పెట్టడం అయ్యాక, ఖాళీ కాగితం చూపించమన్నా. చూపించాడు. వెయ్యి తెరలూ ఒక్కసారి మసకబారాయి. వెంటిలేటర్లోంచి ఎండ పడుతోందా, ఆ ఎండ కాస్త వెనక్కి జరిగింది. నేను చూస్తుండగా జరిగింది. సూర్యుడు ఆ కంతలోంచి తొంగిచూసి, 'పెయింటరూ, ఇంత తెలుపు నా దగ్గర కూడా లేదే, కొంచెం అప్పు పెడతావా?' అన్నాడు. 'మా పిల్ల పనికి తీసుకెళ్తున్నా, అయ్యాక చూద్దాం' అన్నా. గోడౌను యజమాని నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ప్రపంచంలో ఉన్న తెరలన్నిటికీ తెలుపు నువ్వే పెట్టిపో, ఊళ్ళు రాసిస్తానన్నాడు. నాకు ఊళ్ళెందుకు? ఇదొక్కటి చాలన్నా." ఆయన తెర వైపు చెయ్యి చాపాడు. "ఎంత తెలుపంటే చెల్లెమ్మా, నీ పాలు తెచ్చి దాని పక్కన పెట్టు. పసుపునీళ్ళలా కనబడకపోతే నా కుంచె విరిచేస్తా."

టీకొట్టావిడ లేచింది.

ఆవిడ గబగబా నడిచే మనిషి. అలాంటిది అప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా ఒక గాజుగ్లాసు తుడిచి, అందులో పాలు పోసి, అరుగంతా దాటి వచ్చి, గడప మీద కూచున్న అమ్మాయిని తప్పుకోమనకుండా పక్కనుంచి లోపలికి వెళ్ళి, తెరకి ఆనించి గ్లాసు పట్టుకుంది.

పాలు తెల్లగా ఉన్నాయి. తెర నీలంగా ఉంది. ఇక అందులో వాదించడానికేమీ లేదు. ప్రెస్సాయన చూశాడు. ఆమె చూసింది. ఒక నెలగా తన కంటి మీద తాను పెట్టుకున్న నేరం ఆ గ్లాసు అంచు దగ్గర ఊడిపడటం చూసింది.

"చూశారా?" అన్నాడు పెయింటరు. ఆయన గొంతులో అనుమానమనేదే లేదు. "చెప్పానా! పసుపు. కళ్ళకి కట్టినట్టు పసుపు."

ఎవరూ ఊకొట్టలేదు. ఆ అరుగు మీద ఆయన కథకి ఊ రాకపోవడం అదే మొదటిసారి.

"ఒక్క ప్రశ్న అన్నా," అంది టీకొట్టావిడ. గ్లాసు ఇంకా తెర దగ్గరే పట్టుకుని ఉంది. "మరి నా బోర్డు మీద పాలెందుకు నీలంగా ఉన్నాయి?"

పెయింటరు ముందు నవ్వబోయాడు. తర్వాత ప్రెస్సాయన మొహం చూశాడు. ఆ మొహం కిందికి దిగిపోయింది. తమ్ముడి కూతురి మొహం చూశాడు. ఆమె తల దించుకోలేదు. అప్పుడాయన గ్లాసు చేత్తోనే పట్టుకుని అరుగు దిగి, వీధిలో నిలబడి, తలెత్తి తనేసిన బోర్డు చూశాడు. చాలాసేపు చూశాడు. దగ్గరికొచ్చి చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు, ఇంకో కన్ను మూసి చూశాడు.

"తెల్లగానే ఉన్నాయే," అన్నాడు.

ఆ మాట కోతలా లేదు. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"మా అత్తకి కూడా ఇట్లాగే అయింది అన్నా," అంది టీకొట్టావిడ, గడప దాటి వస్తూ. "తెల్లబట్టలన్నీ పసుపెక్కాయని బకెట్లో నీలిమందు గుమ్మరించేది. మా ఆయన చొక్కాలన్నీ ఆకాశం రంగు. ఉతికినదాన్ని నేనేనని నన్నే తిట్టేది. చివరికి డాక్టరు చూసి కంట్లో పొర ముదిరిందన్నాడు. తీసేశారు. పూట పట్టలేదు. ఇంటికొచ్చి ఆ చొక్కాలు చూసుకుని ఆవిడే సిగ్గుపడింది."

పెయింటరు వింటున్నాడో లేదో తెలియలేదు. వీధి పొడవునా చూస్తున్నాడు. ఎదురుగా మందులషాపు బోర్డు, దాని పక్కన కుట్టుమిషన్ల కొట్టు, ఆ పైన దంతవైద్యుడి బోర్డు మీద నవ్వుతున్న పళ్ళు. అన్నీ ఆయన చేతివే. ఒక్కొక్కదాన్నీ చూసి, ఏది ఎప్పుడు వేశాడో గుర్తుచేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. దంతవైద్యుడి బోర్డు దగ్గర చూపు ఆగింది. అది మొన్నటిది.

"ఏడాది," అన్నాడు. "ఏడాది నుంచీ చూస్తున్నారు మీరంతా. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదేం?"

టీకొట్టావిడ ఆయన చేతిలో గ్లాసు వైపు చూసింది.

"మీరు గ్లాసెప్పుడు బోర్లించారు గనక?"

గడప మీద కూచున్న అమ్మాయికి ఆ దెబ్బ తన ఒంటి మీద కూడా పడ్డట్టయింది. ఏడాదిగా ఆ బోర్డు కిందే రోజుకి రెండుసార్లు టీ తాగింది. ఒక్కరోజూ అవి నీళ్ళనుకోలేదు. పెదనాన్న వేశాడు, కాబట్టి పాలు. అంతే. రంగులు చూడటం తన వృత్తి, తలెత్తి చూడటం మాత్రం తనకి చేతకాలేదు. ప్రేమ అని పేరు పెట్టుకుని ఎంత సోమరితనం చేసింది!

పెయింటరు అరుగెక్కాడు. చల్లారిపోయిన టీని, తొరకతో సహా, ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు బోర్లించి బల్ల మీద పెట్టాడు. గాజు చెక్కకి తగిలిన చప్పుడు చిన్నదే. కానీ ఆ అరుగు మీద ఆయన వల్ల ఆ చప్పుడు ఎవరూ విని ఎరగరు.

"బటన్లు నొక్కు తల్లీ," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి, ఆయన మూడు గంటలు కూచుని పెట్టిన రంగుల్ని చెరిపి, తెరని అది పుట్టినప్పటి రంగులకి తెచ్చింది. ఒక్క క్షణం తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. కాగితం తెల్లబడింది. మందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన రంగుల నమూనా చీటీ తెచ్చి పక్కన పెట్టి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆ వెలుతుర్లో చూసింది. మళ్ళీ తెచ్చి పక్కన పెట్టింది. పిల్లల పట్టీ లేచి తన చోటికి తాను వెళ్ళి కూచుంది, లేతాకులా. పెద్దవాళ్ళ పట్టీ తన చోట తానుంది. మధ్యలో ఎంత దూరముండాలో అంత దూరముంది. మంచి తెరే అది. ఆ నాలుగు వీధుల్లోనూ అంతకంటే మంచి తెర ఆమె డబ్బుకి దొరికి ఉండేది కాదు.

ఆమె ఎవరినీ అడగలేదు. కాగితం మీద సంతకం పెట్టి ప్రెస్సాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, వెళ్తూ వెళ్తూ పెయింటరు భుజం మీద చెయ్యి వేసి, అరుగు దిగిపోయాడు. నాలుగుకి అయిదు నిమిషాలుంది.

పెదనాన్న గడప దగ్గరికొచ్చి తెర ముందు నిలబడ్డాడు. ఆయన కళ్ళకి అదంతా పసుపు పులిమినట్టు ఉండి ఉండాలి. మొహం చిట్లించాడు గాని ఆ మాట అనలేదు. కింది పట్టీ మీదికి వేలు చాపాడు. ఇరవై ఏళ్ళ కిందట రంగుడబ్బాల మీదికి ఆమె వేలుపట్టి చాపిన ఆ వేలే.

"ఇదేం రంగమ్మా?"

"ఆకుపచ్చ, పెదనాన్నా. లేతది."

"పైది?"

"నీలం."

"ఈ చుట్టూ ఉన్నది?"

"తెలుపు."

ఆయన తలూపాడు. తర్వాత గొంతు సవరించుకుని, తెగిన చెప్పు తాడు బిగించుకోడానికి వంగుతూ,

"నేనూ అదే అనుకున్నాలే," అన్నాడు.

టీకొట్టావిడ ఆయన బోర్లించిన గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. అది అబద్ధమని ఎవరూ అనలేదు.